పాటల మేష్టారి రంగం కాగితాలు

రాజమండ్రికి ఇంకా రైలు రాని ఆ రోజుల్లో ఎటు కదలాలన్నా ముందు రేవులో కూర్చోవాలి. పడవ వచ్చేదాకా కూర్చోవాలి, వచ్చాక అది నిండేదాకా కూర్చోవాలి, నిండాక సరంగు చుట్ట కాల్చడం అయ్యేదాకా కూర్చోవాలి. ఊరి పెద్దలు ఈ కూర్చోవడాన్ని ఒక విద్యలాగా అభ్యసించారు. తమలపాకులకి సున్నం రాసుకుంటూ, నాలుగు తరాల వ్యాజ్యాలు నెమరు వేసుకుంటూ, పడవ రేపొచ్చినా సరే అన్నట్టు ఉండేవారు. నాకా విద్య అబ్బలేదు. ఇరవై రెండేళ్ళ వయసులో నేను రేవు మెట్లు ఎక్కి దిగి, ఎక్కి దిగి, పడవలో అడుగు పెట్టకముందే సగం ప్రయాణమంత దూరం నడిచేసేవాణ్ణి. మా అమ్మ నన్ను చూసి, "వీడి అరికాళ్ళలో చీమలున్నాయి, ప్రభువే తియ్యాలి" అనేది. మా నాన్నగారు మిషను బడిలో మేష్టారు. ఆదివారం ఆరాధనలో ప్రసంగం సాగినంతసేపూ నా మోకాలు ఆడకుండా దాని మీద చెయ్యి వేసి అదిమి ఉంచేవారు. (పాదిరి దొరగారు దాన్ని పితృవాత్సల్యం అనుకుని ఒకసారి నలుగురిలో మెచ్చుకున్నారు కూడా.)

అలాంటి నేను ఒక ప్లీడరు గారి దగ్గర నకళ్ళు రాసే గుమాస్తాగా కుదిరాను. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా చాప మీద కదలకుండా కూర్చుని ఒకరి దావాను ఇంకో కాగితం మీదికి ఎక్కించడం. ప్లీడరు గారు దయగల మనిషి. సంగీతమంటే ప్రాణం, గొంతు మాత్రం లేదు. ఆయన రాగం ఎత్తుకుంటే మొండి కక్షిదారులు కూడా రాజీకి వచ్చేవారని ఊళ్ళో చెప్పుకునేవారు. ఆయనకు ఒకటే ధ్యాస. ధవళేశ్వరంలో పాటల మేష్టారని ఒకాయన ఉండేవారు, అప్పటికి పోయి రెండేళ్ళయింది. ఆయన కట్టిన కీర్తనలు అటు కోరుకొండ కొండ మీదా ఇటు పెద్దాపురం జాతరలోనూ భజన చేసేవాళ్ళ నోళ్ళలో నానుతుండేవి. వాటన్నిటినీ కూర్చి, ముందు మేష్టారి చరిత్ర రాసి, పుస్తకంగా అచ్చు వేయించాలని ప్లీడరు గారి సంకల్పం. ఆ చరిత్రలో ఒక్కచోట పెద్ద గొయ్యి ఉంది. మేష్టారు నడివయసులో తొమ్మిదేళ్ళు రంగంలో ఉన్నారు. (రంగూనుని మేమంతా రంగమనే అనేవాళ్ళం. అంత దూరానికి ఒక అక్షరం అరగదీస్తే కాస్త దగ్గరవుతుందని కాబోలు.) అక్కడ తెలుగువాళ్ళు పెట్టుకున్న సంగీత సమాజంలో జీతానికి పాట చెప్పేవారట. మంచి కీర్తనలన్నీ అక్కడే పుట్టాయట. ఎలా పుట్టాయో ఎవరికీ తెలియదు. తిరిగొచ్చాక ఆయన ఆ సంగతి ఎవరితోనూ ఎత్తలేదు.

ఆ కీర్తనల్లో పేరుపడ్డది "చూతమంటివి గాని చూపవైతివి దారి" అనేది. దాని మీద ప్లీడరు గారు అప్పటికే ఇరవై పుటల వ్యాఖ్యానం రాశారు. (నకలు నేనే తీశాను గనుక పుటల సంఖ్య నా వేళ్ళకి బాగా గుర్తు.)

"చూశావా అబ్బాయ్. చూచెదను అనలేదు, చూతము అన్నాడు. అంటే నేనూ నువ్వూ కలిసి చూడడం. జీవుడూ దేవుడూ ఒకటైతే తప్ప ఆ మాట నోట రాదు. అద్వైతమంతా ఆ ఒక్క క్రియలో పెట్టాడయ్యా మహానుభావుడు" అనేవారు.

"చిత్తం" అనేవాణ్ణి.

వేసవికి కోర్టు మూసే ముందు ఒకరోజు ఆయన నన్ను లోపలికి పిలిచారు. "ఎవరో ఒకరు రంగం వెళ్ళి ఆ సమాజం దస్త్రాలు తిరగెయ్యాలోయ్. ఏ కీర్తన ఎప్పుడు కట్టాడు, అక్కడ ఏ సాధన చేశాడు, అన్నీ కాగితాల్లో ఉంటాయి. నేను వెళదామంటే, సముద్రం దాటితే మావాళ్ళు నన్ను పంక్తిలోంచి లేపేస్తారు. నీకా బాధ లేదు గదా?"

"లేదండి. మాలో సముద్రం దాటొచ్చినవాడికి ఇంకాస్త మర్యాద ఎక్కువండి."

"సంగీతం తెలుసునా?"

"హార్మోనియం మీద స్వరాలు గుర్తుపట్టగలనండి" అన్నాను. నిజానికి నాకు తెలిసినవి ఆరాధనలో పాడే నాలుగు పాటల వరసలు. నాలుగోది నేను పాడుతుంటే పక్కవాళ్ళు పాడడం ఆపి నావైపు చూసేవారు. కానీ చాప మీంచి లేవడానికి దేవుడిచ్చిన సందు అది. అప్పుడు నన్ను అశ్వమేధం చెయ్యగలవా అని అడిగినా చెయ్యగలననే చెప్పి ఉండేవాణ్ణి.

వెళ్ళేముందు మేష్టారి భార్యని కలిసి ఆవిడకి తెలిసిన సంగతులు రాసుకు రమ్మన్నారు ప్లీడరు గారు. నడిచి ధవళేశ్వరం వెళ్ళాను. చిన్న పెంకుటిల్లు. ఆవిడ అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తున్నారు. నేను వచ్చిన పని చెప్పి వీధిలోనే నిలబడ్డాను.

"పైకొచ్చి కూర్చో బాబూ" అన్నారు.

"పరవాలేదండి మామ్మగారూ, మేము మిషనువాళ్ళమండి. ఇక్కడే ఉంటానండి."

"ఆయన సముద్రం దాటిన రోజే మా గడప మైలపడిందిలే. కూర్చో. నువ్వు నిలబడితే తలెత్తి చూడలేక నాకు మెడ నొప్పి."

కూర్చున్నాను. కాగితం తీసి, ఏ పాట ఏ సంవత్సరంలో కట్టారండీ అని అడిగాను. "పాటల సంగతి నాకేం తెలుసు? ఇంట్లో పాడేవారు కాదు" అన్నారావిడ. మరి రంగం నుంచి ఉత్తరాలు రాయలేదా అంటే, "వచ్చేవి. నాకు చదువు రాదు. మా బావగారు చదివి, క్షేమమేనట అని మడిచి చూరులో పెట్టేవారు. అంతే. అక్కడ బర్మా మనిషి ఉందన్నారు. ఇద్దరు పిల్లలన్నారు. ఈ వీధివాళ్ళే వాళ్ళకి పేర్లు కూడా పెట్టేశారు" అని చెప్పి, గింజ తీసి పక్కన వేశారు.

"మీరు అడగలేదాండీ?"

"తిరిగొచ్చాక పదకొండేళ్ళు కాపరం చేశాం బాబూ. ఆయన చెప్పలేదు, నేనడగలేదు. అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేస్తారేమోనని భయం." ఇంకో గింజ తీసి మళ్ళీ ఆవిడే అన్నారు, "నువ్వెలాగూ వెళుతున్నావు గనక నాకొకటి చూసిపెట్టు. ఆ తొమ్మిదేళ్ళలో ఇంటికెళతానని ఒక్కసారన్నా వాళ్ళనడిగారేమో చూడు. అడక్కపోతే అడగలేదనే చెప్పు. ఇప్పుడింక ఏమనుకుంటాను."

"అదెంత పనండి" అని లేచాను. ఇరవై రెండేళ్ళవాడికి ప్రతిదీ అదెంత పనే.

ధవళేశ్వరం నుంచి కాకినాడకి కాలవలో రహదారి పడవ. గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగుతుంటే అది వాళ్ళ కన్నా నెమ్మదిగా కదిలేది. నేను ఓర్చుకోలేక దిగి గట్టెక్కి నడిచి, ముందున్న లాకు దగ్గర పడవ కోసం కాచుకునేవాణ్ణి. నా అవస్థ చూసి జాలిపడి ఆ లాగేవాళ్ళు నా భుజానికి కూడా ఒక తాడిచ్చారు. అలా టిక్కెట్టు కొనుక్కుని పడవ లాగిన ప్రయాణికుణ్ణి ఆ కాలవ మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను. కాకినాడ రేవు నుంచి చిన్న పడవలో సముద్రం మీదికి తీసుకెళ్ళి స్టీమరు ఎక్కించారు. స్టీమరు మీద అటూ ఇటూ తిరుగుదామనుకున్నాను గాని, బయల్దేరిన గంటకి నా కడుపు తిరగడం మొదలుపెట్టి ఆ పని తనే చూసుకుంది. రంగం చేరేదాకా డెక్కు మీద చాపచుట్టలా పడి ఉన్నాను. నా జన్మలో నేను అంతసేపు కదలకుండా ఉన్నది అప్పుడే, అదీ నా ఇష్టం మీద కాదు.

రంగంలో ఏ వీధికెళ్ళినా మన మాటే వినపడేది. అక్కడివాళ్ళు మనల్ని కోరంగీలనేవారు. ధాన్యం మిల్లుల్లో మూటలు మోసేవారూ, మేస్త్రీలూ, గుమాస్తాలూ అందరూ కలిసి ఒక సందులో చెక్క మేడ కట్టుకుని దానికి సంగీత సమాజమని బోర్డు పెట్టారు. మేష్టారి కాలం నుంచీ ఒక్కాయనే దానికి సెక్రటరీ. కోనసీమ మనిషి, పూర్వం మిల్లులో పెద్ద గుమాస్తా. భారీ విగ్రహం, వాలుకుర్చీలో కూర్చుంటే కుర్చీ కనపడదు. నన్ను చూసి ఎంతో సంతోషించారు. గోదావరికి నీరొచ్చిందా, మామిడి కాపెలా ఉంది, అన్నీ అడిగారు. టీ తెప్పించారు. ప్లీడరు గారి ఉత్తరం రెండుసార్లు చదువుకున్నారు.

"పాటల మేష్టారి కాగితాలా? ఉన్నాయి తమ్ముడూ. అదిగో ఆ బీరువాలో ఉంటాయి. తాళంచెవే ఎక్కడ పెట్టానో. చూద్దాం" అన్నారు.

మర్నాడు వెళ్ళాను. వాన మొదలైంది. "ఈ వానలో ఏం వెతుకుతాం, కాస్త తెరిపివ్వనీ. చూద్దాం." ఆ మర్నాడు తెరిపిచ్చింది. తాళంచెవి కూతురింట్లో ఉందేమో, కబురు పెట్టి చూద్దాం అన్నారు. నాలుగోనాడు తాళంచెవి వచ్చింది. అది ఆవిడ భోషాణానిది. అయిదోనాడు ఆయనకి పడిశం. ఎప్పుడూ కాదనలేదు, విసుక్కోలేదు, టీ మానలేదు. పోట్లాడదామంటే పట్టు దొరకని మనిషి. నా తిరుగు స్టీమరు పదిహేనో రోజున. అక్కడ రోజులు జారిపోతుంటే నేను ఆ హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి, ఆ గోడ నుంచి ఈ గోడకి తిరిగేవాణ్ణి. బయట వాన, లోపల నేను, ఇద్దరం తెరిపి లేకుండా. చేతిలో పని లేకపోవడం కన్నా, ధవళేశ్వరం అరుగు మీద "అదెంత పనండి" అని ఊడిపడ్డ నా నోటి మాట నన్నెక్కువగా కుట్టేది.

హాలుకి కాపలా ఒక ముసలాయన. ఉప్పాడ దగ్గర పల్లెకారుల ఇంటివాడు, వేటకెళ్ళే ఓపిక పోయాక ఇక్కడికొచ్చి స్థిరపడ్డాడు. గుమ్మం దగ్గర కూర్చుని ఎవరిదో వల బాగుచేస్తూ నన్నే చూస్తుండేవాడు.

"అలా తిరిగితే నేలరిగిపోద్దండి బాబూ" అన్నాడు ఒకరోజు.

పదకొండో రోజున సెక్రటరీ గారి గదిలోంచి ఇంకో "చూద్దాం" పట్టుకుని బయటికొచ్చాను. ఏం చెయ్యాలో తోచక తిరుగుతుంటే నాకు తెలియకుండానే ఏదో కూనిరాగం నోట్లోంచి వచ్చింది. చూతమంటివి గాని చూపవైతివి దారి. వరస మాత్రం మా నాలుగో ఆరాధన పాటది. అయినా ముసలాయన వల పక్కన పెట్టి తలెత్తాడు.

"ఆ పాట మీకెలా తెలుసండి? మేష్టారు గారూ అచ్చం ఇలాగేనండి. ఆ గదిలోంచి బయటికొచ్చి, ఇదే పాడుకుంటా, ఇలాగే తిరిగేవోరండి."

"ఏ గదిలోంచి?"

"అదేనండి, సెక్రటరీ గారి గదిలోంచండి."

నేను ఉన్నచోటే ఆగిపోయాను. చూతము. నేనూ నువ్వూ కలిసి చూడడం. ఇరవై పుటల అద్వైతం ఆ హాలు నడిమధ్య నిలువునా కూలిపోయింది.

"తాతా, నాకా బీరువా తెరవాలి. తాళంచెవి దొరకడం లేదు" అన్నాను.

"తాళంచెవి దేనికండి? దానికి ఎనకాల చెక్కే లేదండి. చెదలు తినేసి నాలుగేళ్ళయింది."

"మరి పదకొండు రోజుల నుంచీ చూస్తూ చెప్పలేదేం?"

"మీరు తాళంచెవి కావాలన్నారు గానండి, కాయితాలు కావాలని నాతో అన్లేదు గదండి."

ఇద్దరం కలిసి బీరువాని గోడ నుంచి మూరెడు ముందుకి జరిపాం. అరల్లో సగం మట్టీ సగం కాగితం. చెదలు ఎక్కనిది ఒకే ఒక్క కట్ట, నీలం దారంతో కట్టినది. పైకాగితం తీశాను. మహారాజశ్రీ సమాజం సెక్రటరీ గారి సముఖమునకు, నాకు ఇంటికి పోవుటకు రెండు మాసములు సెలవు దయచేయించ వేడుచున్నాను. పక్కన మార్జినులో వేరే చేతిరాత, ఒకే మాట: చూద్దాం. కింద పొడి సంతకం. రెండో కాగితం తీశాను, అదీ సెలవు అర్జీయే, అదీ చూద్దామే. మూడోదాని వెనక్కి తిప్పితే పెన్సిలుతో కొట్టివేతలూ దిద్దుళ్ళూ, వాటి మధ్య చూతమంటివి గాని. మిగతావి తియ్యబోతుండగా నా వెనక నేల కిర్రుమంది. వాలుకుర్చీలోంచి లేచి వచ్చి సెక్రటరీ గారు నిలబడి ఉన్నారు.

కోప్పడతారనుకున్నాను. చెయ్యి చాపి కాగితాలు తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, ఒకటొకటే మార్జిన్లు మాత్రం చూసుకుంటూ పోయారు. "ఈ రాత నాదే" అన్నారు చివరికి, ఎవరో అనుమానించినట్టు.

నేను చేతులకంటిన చెదల మట్టి దులుపుకున్నాను.

"ఆయన వెళితే ఇంక రాడని నాకు తెలుసు తమ్ముడూ. పొద్దంతా మిల్లులో ఊకదుమ్ము మింగి, సాయంత్రం ఇక్కడికొచ్చి ఆయన పాట వింటే తప్ప మాకు అన్నం దిగేది కాదు. ఇవ్వనని చెప్పడానికి నోరు రాలేదు. ఇస్తే పోతాడు. అందుకని చూద్దాం అన్నాను."

"అన్నేళ్ళాండీ?"

"అంటూ ఉంటే గడిచిపోయాయి." కాగితాలు మెల్లగా కట్టకి చేర్చారు. "తొమ్మిదో ఏడు వానలొచ్చినా అర్జీ రాలేదు. నెల రోజులు చూశాను. పాట కూడా ఆగింది. రోజూ వచ్చేవాడు, తంబురా శ్రుతి చేసేవాడు, ఊరుకునేవాడు. అప్పుడు భయమేసింది నాకు. నేనే వెంటబెట్టుకెళ్ళి స్టీమరెక్కించాను."

ఇంకొకటి అడగాలి. ఎలా అడగాలో తెలియక నసిగాను. "ఇక్కడ ఆయనకి... అంటే... సంసారం వగైరా ఏమన్నా..."

"ఆయనకా? ఈ మేడమీద గదిలో ఒక్కడే ఉండేవాడు. వంట చేతకాక మూడేళ్ళు అటుకులు నానబెట్టుకు తిన్నాడు. సంసారమట." నవ్వబోయి మానేశారు.

"ఇవి నేను తీసుకెళ్ళనాండీ? మామ్మగారికి చూపించాలి."

"చూ" అన్నారు సెక్రటరీ గారు. అని ఆగిపోయారు. నేనూ, కాపలా తాతా, ఇద్దరం ఆయన నోటివైపే చూస్తున్నాం. ఆయన మొహం ఎర్రబడింది. "తీసుకెళ్ళు" అని, ఆ మాట నోటికి కొత్తగా ఉన్నట్టు ఇంకోసారి అన్నారు, "తీసుకెళ్ళు తమ్ముడూ."

తిరుగు స్టీమరులో ఆ కట్ట పూర్తిగా చదవాలనుకున్నాను. కడుపు ఒప్పుకోలేదు. రాజమండ్రి చేరి, ఇంట్లో పెట్టె పడేసి, అమ్మ అడిగినవాటికి గుమ్మంలో నిలబడే జవాబులు చెప్పి, ప్లీడరు గారింటికి పరుగెత్తాను. ఆయన అర్జీ చదివారు, వెనక్కి తిప్పి కీర్తన చదివారు, మళ్ళీ తిప్పి మార్జిను చదివారు. చాలాసేపు పడక్కుర్చీ చేతిని గోకుతూ కూర్చున్నారు. అంత పెద్దమనిషి నా కళ్ళముందు అలా చిన్నబోవడం నాకు బాధనిపించింది. నేను చెదలు తిన్న కాగితాలే తెచ్చి ఉంటే బాగుండేదేమో అనుకున్నాను. కానీ ఆయన్ని తక్కువ అంచనా వేశాను. మర్నాడు పొద్దున్నే కబురు వచ్చింది.

"ఆలోచించానోయ్. పరమాత్మ చేపగా వచ్చాడా? వచ్చాడు. తాబేలుగా వచ్చాడా? వచ్చాడు. సెక్రటరీగా రాకూడదని ఏ శాస్త్రంలో ఉంది?" అన్నారు. వ్యాఖ్యానం అలాగే ఉండిపోయింది, పైగా ఇంకో ఆరు పుటలు పెరిగింది. ఆ ఆరింటికీ నకలు నేనే తీశాను. పాటలున్న కాగితాలకి కూడా నకళ్ళు తీసి ఆయన దగ్గర పెట్టి, అసలు కట్ట పట్టుకుని మధ్యాహ్నం ధవళేశ్వరం బయల్దేరాను.

మామ్మగారు ఇంట్లోనే ఉన్నారు. నన్ను చూసి ఏమీ అడగలేదు. చేతులు కడుక్కుని వచ్చి, నా ఎదురుగా అరుగు మీద కూర్చున్నారు.

"అడిగారండి" అన్నాను. "ఎనిమిది సార్లు అడిగారండి. సెలవివ్వలేదు."

ఆవిడ మొహంలో ఏమీ మారలేదు. "చదువు" అన్నారు.

కట్టలో పైనున్నది చివరి అర్జీ. చదివాను. నా మరదలికి పురుడు వచ్చినందుననూ, ఇంట మగదిక్కు లేనందుననూ...

"మరదలెవరు?" అన్నారు.

"మీ చెల్లెలుగారేమోనండి."

"నాకు చెల్లెలు లేదు బాబూ. మా అమ్మకి నేనొక్కర్తినే."

నేను తికమకపడి రెండోది తీశాను. నా మరదలి వివాహము వైశాఖ మాసమున నిశ్చయమైనందున...

"పురుడయ్యాక పెళ్ళేంటి?"

"కట్టలో కొత్తవి పైన, పాతవి కింద ఉన్నాయండి. పెళ్ళి ముందే అయిందండి."

"పోన్లే. మర్యాదగానే జరిగింది" అన్నారావిడ. మూడోది నా భార్యకు చలిజ్వరము తగిలి వైద్యులు ఆశ వదిలినందున అని ఉంది. "నాకా? ఆశ వదిలేశారా?" "వదిలేశారండి." "మరి బతికానా?" "బతికారండి. తరవాతి ఏడు మీ చెల్లెలుగారి పెళ్ళి పెత్తనమంతా మీదేనండి." అంతే, ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. ఆపుకోలేకపోయారు. నాకూ ఆగలేదు. ఇంటి కప్పు గాలివానకి లేచిపోయింది, గేదెని దొంగలు తోలుకుపోయారు (వాళ్ళకి గేదె ఎప్పుడూ లేదట), మేష్టారి మేనత్త రెండేళ్ళ తేడాతో రెండుసార్లు చనిపోయింది. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, మొగుడు పోయిన మనిషి ఒక మిషను కుర్రాడితో కలిసి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతుంటే ఏమనుకుందో, తల వెనక్కి తీసేసుకుంది.

అట్టడుగున ఒక్కటి మిగిలింది. మొట్టమొదటి అర్జీ. మిగతావాటికన్నా చిన్నది. నవ్వుతూనే చదవడం మొదలుపెట్టాను. అయ్యా, మా ఇంటిదాన్ని చూడవలెనని ఉన్నది. రెండు మాసములు సెలవు ఇప్పించవలెను. ఇంతకన్న వేరు కారణము లేదు.

ఆవిడ నవ్వు ఆగింది. "ఇంకోసారి చదువు" అన్నారు. చదివాను.

"కారణం లేదన్నాక వాళ్ళెలా ఇస్తారు బాబూ. పిచ్చిమనిషి" అన్నారు. చెయ్యి చాపి ఆ కాగితం అడిగి తీసుకున్నారు. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో నేనెక్కడున్నాను?" అని అడిగారు. నేను 'ఇంటిదాన్ని' అన్న మాట చూపించాను. ఆవిడ ఆ మాట మీద వేలు పెట్టి, అలాగే ఉంచుకున్నారు. తక్కినవన్నీ ప్లీడరు గారికి ఇచ్చెయ్యమన్నారు. నేను ఎప్పుడు లేచానో, ఏమని సెలవు తీసుకున్నానో నాకు గుర్తు లేదు.

గోదావరి గట్టు పట్టుకుని తిరిగి నడుస్తుంటే నాకొక సంగతి తట్టింది. అన్ని రోజులు సముద్రం అవతల ఉండి నేను మా అమ్మకి ఒక్క కార్డు ముక్క రాయలేదు. రాయాలని తోచనే లేదు. మామూలుగా అయితే దారిలో రేవు దగ్గరో, కోటిలింగాల వైపో నాలుగు చక్కర్లు కొట్టి గాని ఇల్లు చేరేవాణ్ణి కాను. ఆ రోజు తిన్నగా ఇంటికి వెళ్ళాను. అమ్మ వంటింట్లో బెండకాయలు తరుగుతోంది. పక్కన పీట వాల్చుకుని కూర్చున్నాను.

"ఏంట్రా?" అంది.

"ఏం లేదమ్మా. నీ దగ్గర కూర్చుందామని."

అమ్మ కత్తిపీట మీంచి చెయ్యి తీసి, కొంగుకి తుడుచుకుని, నా నుదుటి మీద వేసి చూసింది, జ్వరమేమోనని. లేదని తేలాక కూడా వెంటనే తియ్యలేదు. పొయ్యి మీద పప్పు మాడింది. ఇప్పుడు ఈ ముసలితనంలో నాకు మోకాళ్ళు వంగవు. పొద్దున్న ఈ కుర్చీలో కూర్చోబెడితే పొద్దుగూకేదాకా ఇందులోనే ఉంటాను, ఇంట్లో అందరూ ఎంత నెమ్మదస్తుడో అంటారు. ఇంత కదలకుండా కూర్చున్నా, ఎందుకో ఒక్కరూ నుదురు తాకి చూడరు.